ఎంఎంఏ, బాక్సింగ్, మిగతా పోరాట విద్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంఎంఏ అంటే రూల్స్ లేని కొట్లాటే కదా?

కాదు. ఎంఎంఏ అంటే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, గుద్దడం, తన్నడం, పట్టుకుని పడెయ్యడం అన్నీ కలిసిన పోరు. రూల్స్ లేవన్న పేరు మొదటి రోజుల్లో పడింది, ఇప్పటికీ వదల్లేదు. 1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో ఎంఎంఏలో అతిపెద్ద సంస్థ అయిన యూఎఫ్‌సీ మొదటి పోటీలు జరిగినప్పుడు బరువు తరగతులు లేవు, జడ్జీలు లేరు. కొరకడం, కళ్ళు పొడవడం లాంటివి తప్ప దాదాపు అన్నీ చెల్లాయి. తొలి పోరులోనే, కిందపడ్డ సుమో వస్తాదు పన్ను ప్రత్యర్థి తన్నుకు ఎగిరిపోయింది. అది చూసినవాళ్ళకి ఇది ఒక ఆట అని చెబితే తలకెక్కుతుందా?

2000 నుంచి కథ మారింది. న్యూజెర్సీలో మొదలైన యూనిఫైడ్ రూల్స్‌నే కొద్దిపాటి మార్పులతో ఇప్పుడు చాలా చోట్ల పాటిస్తున్నారు. తల వెనక, వెన్నెముక మీద కొట్టకూడదు. గజ్జల్లో తన్నకూడదు. తలతో కుమ్మకూడదు. ఒక్కో వేలు పట్టి విరవకూడదు. కిందపడినవాడి తల మీద కాలితో గానీ మోకాలితో గానీ కొట్టకూడదు. మోచేతిని నిట్టనిలువుగా పైనుంచి కిందికి దించడం 2024 దాకా నిషేధమే. 2009లో యూఎఫ్‌సీ ఫైటర్ జాన్ జోన్స్ అలా దించినందుకే, గెలుస్తున్న పోరులో అనర్హుడై ఓడిపోయాడు. చెయ్యకూడని పనుల జాబితా బాక్సింగ్ కన్నా ఎంఎంఏలోనే పెద్దది. చెయ్యగలిగినవి ఎక్కువ కాబట్టి నిషేధాలూ ఎక్కువే.

చూడగానే కనిపించే తేడాలేంటి?

గ్లవ్స్, టైము, చోటు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో తేలిక బరువులవాళ్ళకి 8 ఔన్సులు, బరువైనవాళ్ళకి 10 ఔన్సుల గ్లవ్స్. ఎంఎంఏలో సుమారు 4 ఔన్సులే, అదీ వేళ్ళు బయటికి ఉండేలా. పట్టుకోవాలి కదా మరి. బాక్సింగ్‌లో రౌండ్ 3 నిమిషాలు, టైటిల్ పోరైతే 12 రౌండ్లు. మహిళల పోటీల్లో ఎక్కువగా 2 నిమిషాల రౌండ్లు, టైటిల్‌కి 10. ఎంఎంఏలో ఆడామగా తేడా లేకుండా 5 నిమిషాల రౌండ్లు, మామూలుగా 3, టైటిల్‌కి 5.

బాక్సింగ్ రింగుకి తాళ్ళు, ఎంఎంఏకి ఎక్కువగా కంచె. కంచె భయపెట్టడానికి పెట్టింది కాదు. పట్టుకుని తోసుకునే ఆటలో తాళ్ళుంటే ఇద్దరూ సందుల్లోంచి బయటపడతారు.

వీటన్నిటి కన్నా ముఖ్యమైన తేడా ఒకటుంది, కొత్తవాళ్ళు దాన్ని గమనించరు. బాక్సింగ్‌లో పడినవాడికి పది లెక్కపెట్టేదాకా గడువుంటుంది. తేరుకుని లేస్తే ఆట మళ్ళీ మొదలు. ఎంఎంఏలో ఆ లెక్క లేదు. పడిన మరుక్షణం ప్రత్యర్థి మీదకొస్తాడు, తనను తాను కాపాడుకోలేకపోతే రిఫరీ అక్కడికక్కడే ఆపేస్తాడు. చూడ్డానికి ఇది మొరటుగా ఉంటుంది. కానీ ఒకసారి మెదడు అదిరినవాడిని లేపి, మళ్ళీ తలమీద దెబ్బలు తిననివ్వడం కన్నా ఇదే మేలేమో ఆలోచించండి. ప్రమాదాల ప్రశ్న దగ్గర దీని సంగతి మళ్ళీ వస్తుంది.

బాక్సరూ ఎంఎంఏ ఫైటరూ తలపడితే ఎవరు గెలుస్తారు?

ఎవరి రూల్స్‌తో? అది చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. చెప్పాక ఇంచుమించు జవాబు దొరికినట్టే. నీళ్ళలో మొసలి సంగతి తెలిసిందే కదా, ఇక్కడా అంతా స్థానబలిమి.

ఎంఎంఏ రూల్స్‌తో జరిగిన పోరు చూడండి. జేమ్స్ టోనీ పలు బరువుల్లో ప్రపంచ ఛాంపియన్, అతని డిఫెన్స్‌ని బాక్సింగ్ కోచ్‌లు ఇప్పటికీ పాఠంగా చూపిస్తారు. 2010 ఆగస్టులో బోస్టన్‌లో మాజీ యూఎఫ్‌సీ ఛాంపియన్ రాండీ కుటూర్‌తో తలపడ్డాడు. కుటూర్‌కి అప్పటికి 47 ఏళ్ళు. గంట మోగిన కొన్ని క్షణాలకే కుటూర్ బాగా కిందికి వంగి టోనీ ముందుకాలు మడమ దగ్గర దొరకబుచ్చుకున్నాడు. టోనీ వెల్లకిలా పడ్డాడు. ఆ తర్వాత అతను చేసిందేమీ లేదు. మొదటి రౌండ్‌లోనే చోక్ (మెడ నొక్కే పట్టు) పడి ట్యాప్ చేశాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. ఇదేమీ కొత్త సంగతి కాదు. 1963లోనే జూడో మనిషి జీన్ లెబెల్ సాల్ట్ లేక్ సిటీలో మైలో సావేజ్ అనే బాక్సర్‌ని నాలుగో రౌండ్‌లో గొంతుపట్టుతో స్పృహ తప్పించాడు.

ఇప్పుడు బాక్సింగ్ రూల్స్‌తో. 2017 ఆగస్టు 26న లాస్ వేగాస్‌లో యూఎఫ్‌సీ ఛాంపియన్ కానర్ మెక్‌గ్రెగర్, ఓటమెరుగని బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్‌తో మొదటి రౌండ్లు బాగానే ఆడాడు. మేవెదర్ తొందరపడకుండా అతన్ని అలసిపోనిచ్చి పదో రౌండ్‌లో ముగించాడు. మేవెదర్ రికార్డు 50-0 అయింది. అక్కడ మెక్‌గ్రెగర్ ఎడమచేతి బలం ఎటూ పోలేదు. దాన్ని దాచిపెట్టే తన్నులూ, పట్టుకుంటాడేమో అన్న భయమూ లేకుండా పోయాయి.

దీనికి ఎదురు నిలిచేది మాజీ యూఎఫ్‌సీ హెవీవెయిట్ ఛాంపియన్ ఫ్రాన్సిస్ ఎంగన్నూ ఉదాహరణ. 2023 అక్టోబర్‌లో రియాద్‌లో, తన మొట్టమొదటి ప్రొఫెషనల్ బాక్సింగ్ మ్యాచ్‌లోనే, హెవీవెయిట్ ఛాంపియన్ టైసన్ ఫ్యూరీని మూడో రౌండ్‌లో నేలకు పడేశాడు. చివరికి స్ప్లిట్ డెసిషన్‌తో (ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి తీర్పుతో) ఓడినా చూసినవాళ్ళంతా నోరెళ్ళబెట్టారు. అయిదు నెలలు తిరక్కుండానే మాజీ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ ఆంథనీ జాషువా అతన్ని రెండో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. బలం ఒక రాత్రి అద్భుతం చేయిస్తుంది, బాక్సింగ్ నేర్పదు.

మహమ్మద్ అలీ ఒక కుస్తీ మనిషితో పోరాడాడట, నిజమేనా?

నిజమే. 1976 జూన్ 26న టోక్యోలో, ప్రొ రెజ్లర్ ఆంటోనియో ఇనోకీతో. ముందే ఒప్పుకున్న రూల్స్ ఇనోకీ చేతులు కట్టేశాయి. దాంతో అతను 15 రౌండ్లలో ఎక్కువ భాగం నేలమీద వెల్లకిలా పడుకుని అలీ కాళ్ళమీద తన్నుతూ గడిపాడు. పడుకున్నవాడిని అలీ ఏం గుద్దుతాడు? మ్యాచ్ డ్రా అయింది, జనం తిట్టుకుంటూ వెళ్ళారు. కానీ అలీ కాళ్ళు వాచి ఆసుపత్రి దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఇవాళ లో కిక్ (కాళ్ళమీద వేసే తన్ను) విలువ తెలిసినవాళ్ళు ఆ వీడియో చూస్తే నవ్వరు.

మంచి బాక్సర్ ఒక్క గుద్దుతో పని ముగించలేడా? పట్టుకునేలోపే పడగొట్టొచ్చు కదా?

పడగొట్టొచ్చు. అది జరిగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, అందుకే కుస్తీవాళ్ళు కూడా గుడ్డిగా మీదకెళ్ళరు. ఒక గుద్దు నటించి, ఎదుటివాడి చేతులు పైకి లేవగానే కిందికి దిగుతారు. బాక్సర్ జాబ్ (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) వేసేటప్పుడు బరువు ముందుకాలు మీదకి వస్తుంది, ఆ కాలు నేలకి అతుక్కుపోతుంది. పట్టుకునేవాడు కాచుకునేది సరిగ్గా ఆ క్షణం కోసమే. గుద్దు అతని తల పైనుంచి పోతుంది, భుజం వచ్చి నడుము దగ్గర తగులుతుంది, చేతులు మోకాళ్ళ వెనక కలుస్తాయి. ఆ పట్టు కుదిరాక బాక్సర్‌కి గుద్దడానికి కావలసిన దూరమూ ఉండదు, కాళ్ళకింద పట్టూ ఉండదు.

బాక్సింగ్ రింగులో ఇద్దరు పెనవేసుకుంటే రిఫరీ వచ్చి విడదీస్తాడు. అలసిన బాక్సర్‌కి అది ఊపిరి తీసుకునే చోటు. ఎంఎంఏలో అసలు పని మొదలయ్యేది అక్కడే.

అలాగని బాక్సర్లందరి గతీ ఇంతే అనుకోకండి. హాలీ హోమ్ బాక్సింగ్‌లో పలు బరువుల్లో ఛాంపియన్. 2015 నవంబర్‌లో అంతవరకూ ఓటమెరుగని రోండా రౌజీని, ఒలింపిక్ జూడో పతక విజేతని, రెండో రౌండ్‌లో తలమీద తన్నుతో నాకౌట్ చేసింది. గమనించాల్సింది ఏమిటంటే, ఆమె ఆ సరికే పట్టు తప్పించుకోవడం కొన్నేళ్ళుగా సాధన చేసింది, తన్నడం ముందే వచ్చు. రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన క్లారెస్సా షీల్డ్స్ మాత్రం 2021లో ఎంఎంఏలోకి వచ్చి మొదటి పోరు గెలిచి, అదే ఏడాది రెండోది ఓడింది. అక్కడ ఆమెను ఇబ్బంది పెట్టింది గుద్దులు కాదు, టేక్‌డౌన్లు, అంటే పట్టుకుని కింద పడెయ్యడాలు.

బాక్సింగ్ అలవాట్లలో ఏవి ఎంఎంఏలో ఎదురు తిరుగుతాయి?

మొదటిది నిలబడే తీరు. బాక్సర్ పక్కకు తిరిగి, ముందుకాలు మీద కాస్త బరువేసి నిలబడతాడు. జాబ్‌కి దూరం కలిసొస్తుంది. అదే కాలి పిక్కమీద గట్టిగా రెండు తన్నులు పడితే పాదం మొద్దుబారుతుంది. అందుకే ఎంఎంఏవాళ్ళు కాస్త ఎదురుగా తిరిగి, ఎప్పుడైనా కాలు లేపడానికి వీలుగా ఉంటారు. పైగా దూరం కూడా బాక్సింగ్ కన్నా ఎక్కువే పాటిస్తారు.

రెండోది వంగి తప్పించుకోవడం. బాక్సింగ్‌లో నడుము దగ్గర వంగి గుద్దు కిందినుంచి జారిపోవడం అందమైన విద్య. ఎంఎంఏలో వంగిన ముఖానికి మోకాలు ఎదురొస్తుంది.

మూడోది చేతుల చాటున దాక్కోవడం. పెద్ద గ్లవ్స్ రెండూ ముఖానికి ఆనించుకుంటే గోడలా కాపాడతాయి. చిన్న గ్లవ్స్‌కి ఆ వెడల్పు లేదు, సందుల్లోంచి దెబ్బలు దూరతాయి.

తన్నడం కూడా ఊరికే రాదు లెండి. 2013 డిసెంబర్‌లో ఒక యూఎఫ్‌సీ పోరులో ఆండర్సన్ సిల్వా వేసిన లో కిక్‌ని క్రిస్ వైడ్‌మన్ మోకాలు ఎత్తి అడ్డుకున్నాడు. విరిగింది తన్నినవాడి కాలు. 2021లో అదే వైడ్‌మన్ తన్నితే ఉరయా హాల్ అడ్డుకున్నాడు, ఈసారి వైడ్‌మన్ కాలు అచ్చం అలాగే విరిగింది.

ముయే థాయ్, కిక్‌బాక్సింగ్ ఒకటేనా?

దూరం నుంచి చూస్తే ఒకటే. థాయ్‌లాండ్ విద్య అయిన ముయే థాయ్‌లో చేతులు, మోచేతులు, మోకాళ్ళు, కాళ్ళు అన్నీ వాడతారు. మెడ పట్టుకుని మోకాళ్ళతో కొట్టే క్లించ్ దానికి ప్రాణం. 1993లో జపాన్‌లో మొదలైన కే-1 తరహా కిక్‌బాక్సింగ్‌లో మోచేతులు లేవు, క్లించ్‌ని చాలావరకు కత్తిరించారు. అందుకే అది వేగంగా, గుద్దులతో నిండి ఉంటుంది. థాయ్‌లాండ్ జడ్జీలు ముఖంమీద చిన్నచిన్న గుద్దుల కన్నా ఒంటిమీద పడే బలమైన తన్నుకీ మోకాలికీ ఎక్కువ విలువిస్తారు. మొదటి రెండు రౌండ్లు నెమ్మదిగా సాగుతాయి. తెలియనివాళ్ళు 'వీళ్ళు ఆడుకుంటున్నారా' అనుకుంటారు.

అయితే చేతుల్లో తక్కువా అంటే, సామార్ట్ పయాకరున్ ముయే థాయ్‌లో ఛాంపియన్‌గా ఉండి 1986లో డబ్ల్యూబీసీ (ప్రపంచ బాక్సింగ్ సంస్థల్లో ఒకటి) టైటిల్ కూడా గెలిచాడు. థాయ్‌లాండ్‌కి తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన సోమ్‌రక్ ఖామ్‌సింగ్ కూడా ముయే థాయ్ నుంచి వచ్చి 1996లో బాక్సింగ్‌లో గెలిచినవాడే.

ఎంఎంఏకి నిలబడి కొట్టే విద్య ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. క్లించ్ అలవాటు ఉన్నవాడిని పట్టుకుని పడెయ్యడం అంత తేలిక కాదు. కిక్‌బాక్సింగ్ ఛాంపియన్‌గా ఉండి యూఎఫ్‌సీకి వచ్చిన అలెక్స్ పెరేరా 2022లో ఒక బరువులో, 2023లో ఇంకో బరువులో టైటిళ్ళు గెలిచాడు. పట్టు తప్పించుకోవడం ఒక్కటి ఒంటబట్టించుకుంటే కొట్టేవాళ్ళు ఎంత దూరం వెళ్ళగలరో అతన్ని చూస్తే తెలుస్తుంది.

కరాటే, తైక్వాండో పనికిరావని అంటారు. నిజమా?

సగం నిజం. లోటు విద్యలో కన్నా సాధన చేసే పద్ధతిలో ఎక్కువ. ఒలింపిక్ తైక్వాండోలో తలమీద గుద్దకూడదు, అందుకే చేతులు కిందికి దించేసి ఆడతారు. ఆ అలవాటుతో బాక్సింగ్ జిమ్‌కి వెళితే మొదటి నిమిషంలోనే ముక్కు అదురుతుంది. పాయింట్ కరాటేలో ఒక దెబ్బ తగలగానే ఆట ఆపుతారు. ఆపకపోతే ఏమవుతుందో అన్న సాధన ఉండదు.

టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టులో, 75 కిలోలకు పైబడిన పురుషుల కరాటే ఫైనల్ చూసి తీరాలి. సౌదీ అరేబియాకి చెందిన తారెగ్ హమేదీ 4-1తో ముందున్నాడు. అతని తన్ను ఇరాన్‌కి చెందిన సజ్జాద్ గంజ్‌జాదే మెడ దగ్గర పడింది, గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. స్వర్ణం ఎవరికి వచ్చింది? స్పృహ తప్పినవాడికి. దెబ్బ అదుపు తప్పిందని హమేదీని అనర్హుణ్ణి చేశారు. అదే తన్ను ఎంఎంఏలో అయితే విజయం, బాక్సింగ్‌లో అయితే అనర్హత, కరాటేలో బంగారం పోగొట్టుకోవడం. ఏ విద్య గొప్పదని వాదించుకునేవాళ్ళకి నేనెప్పుడూ ఈ ఒక్క పోరే చూపిస్తాను.

ఇక కరాటేతోనే వచ్చి గెలిచినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ల్యోటో మచిదా 2009లో యూఎఫ్‌సీ టైటిల్ గెలిచింది ఆ దూరం, ఆ ఒక్క ఉదుటున దూకి వెనక్కి తప్పుకోవడం వల్లే. యూఎఫ్‌సీ ఛాంపియన్‌గా వెలిగిన జార్జ్ సెయింట్ పియర్ మొదట నేర్చింది క్యోకుషిన్ కరాటే, అందులో ఒంటిమీద నిజంగానే కొట్టుకుంటారు.

ఎంఎంఏలో కుస్తీవాళ్ళదే పైచేయి అంటారు, ఎందుకు?

పోరు ఎక్కడ జరగాలో నిర్ణయించేది వాళ్ళు కాబట్టి. నిలబడి ఆడాలా, నేలమీద ఆడాలా అన్నది పట్టు బాగా తెలిసినవాడి చేతిలో ఉంటుంది. బాక్సర్‌కి ఆ ఎంపిక లేదు. జియు-జిట్సు (నేలమీద పట్టుల విద్య) ఎంత బాగా వచ్చినా ఎదుటివాడిని కిందపడెయ్యలేకపోతే ఆ విద్య వాడే అవకాశమే రాదు. 2008 ఒలింపిక్స్‌లో ఫ్రీస్టయిల్ కుస్తీ స్వర్ణం గెలిచిన హెన్రీ సెహూదో తర్వాత యూఎఫ్‌సీలో రెండు బరువుల్లో ఛాంపియన్ అయ్యాడు. రష్యన్ పట్టుల విద్య సాంబో నుంచి వచ్చిన ఖబీబ్ నుర్మగొమెదోవ్ 29-0తో ఓటమి ఎరగకుండా రిటైరయ్యాడు.

ఇంకో కారణం ఉంది, అది టెక్నిక్ కాదు. చిన్నప్పటినుంచి రోజూ పూర్తి బలంతో పెనుగులాడినవాడికి ఒంట్లో ఊపిరి అయిపోయాక కూడా పని చెయ్యడం అలవాటు. మూడో రౌండ్‌లో అది కనిపిస్తుంది.

కుస్తీవాళ్ళకీ చెడ్డ అలవాట్లున్నాయి. వీపు నేలకు తగిలితే ఓటమి అని నేర్చుకున్నవాడు కిందపడగానే బోర్లా తిరుగుతాడు. జియు-జిట్సు తెలిసినవాడికి అంతకన్నా కావలసిందేముంది, వీపెక్కి మెడకి చెయ్యి వేస్తాడు.

జూడోకీ బ్రెజిలియన్ జియు-జిట్సుకీ తేడా ఏంటి?

రెండూ ఒకే కుదురు నుంచి వచ్చాయి. 1882లో జిగోరో కానో టోక్యోలో కొడోకాన్ స్థాపించి జూడో మొదలుపెట్టాడు. అక్కడ నేర్చిన మిత్సుయో మయెదా బ్రెజిల్ వెళ్ళి గ్రేసీ కుటుంబానికి నేర్పాడు. జూడో ఎత్తి పడెయ్యడంమీద దృష్టి పెట్టింది. మంచి త్రో పడితే ఆట అక్కడితో సరి. బ్రెజిలియన్లు పడ్డాక ఏం చెయ్యాలన్నదాని చుట్టూ మొత్తం విద్య అల్లారు. జూడోలో 2013 నుంచి కాళ్ళు పట్టుకోవడాన్ని పూర్తిగా నిషేధించడంతో టేక్‌డౌన్ల విషయంలో అది ఎంఎంఏకి ఇంకాస్త దూరమైంది. ఇది నాకు నచ్చని మార్పు.

మొదటి యూఎఫ్‌సీ గెలిచిన రాయిస్ గ్రేసీ బరువు సుమారు 80 కిలోలే. ఆ రాత్రి అతని మొదటి ప్రత్యర్థి ఆర్ట్ జిమ్మర్‌సన్ అనే బాక్సర్, ఒక చేతికే గ్లవ్ వేసుకుని వచ్చాడు. గ్రేసీ పైనెక్కి కూర్చుంటే ఎలా లేవాలో తెలియక, ఏ పట్టూ పడకముందే ట్యాప్ చేశాడు.

జియు-జిట్సుకీ కంటికి ఆనని లోటు ఒకటుంది. వెల్లకిలా పడుకుని కాళ్ళతో ఎదుటివాడిని అదుపు చెయ్యడం పోటీల్లో చక్కగా పనిచేస్తుంది. పైనున్నవాడికి గుద్దే హక్కు ఇచ్చి చూడండి, అదే భంగిమలో ముఖం పగులుతుంది.

చోక్ అంటే గొంతు నులమడమేనా? చచ్చిపోరా?

వెనకనుంచి వేసే చోక్‌ని దగ్గరగా చూద్దాం. ముంజేయి మెడ చుట్టూ తిరుగుతుంది, మోచెయ్యి సరిగ్గా గడ్డం కిందికి వస్తుంది. ఒక పక్క కండ, ఇంకో పక్క ముంజేతి ఎముక, మెడకి రెండువైపులా ఉన్న రక్తనాళాలని నొక్కుతాయి. శ్వాసనాళం ఆ మోచేతి మడతలోని ఖాళీలో ఉండిపోతుంది. అంటే ఆపుతున్నది గాలిని కాదు, మెదడుకి వెళ్ళే రక్తాన్ని. సరిగ్గా పడితే పది సెకన్లలోపే స్పృహ తప్పొచ్చు. నొప్పి పెద్దగా ఉండదు. అందుకే అహంకారంకొద్దీ ఆగినవాళ్ళకి తాము నిద్రపోయామని లేచాక గానీ తెలియదు.

వెంటనే వదిలేస్తే సాధారణంగా క్షణాల్లో తేరుకుంటారు. వదలకుండా పట్టి ఉంచితే ప్రాణాపాయమే. ఇది కోచ్ లేని చోట, స్నేహితుల మధ్య సరదాకి చెయ్యాల్సిన పని ఎంతమాత్రం కాదు. చేయి విరిచే ఆర్మ్‌బార్ లాంటి పట్టుల్లో నొప్పి ముందే హెచ్చరిస్తుంది. మడమ మెలిపెట్టే పట్టుల్లో నొప్పి తెలిసేసరికే మోకాలి లిగమెంట్ తెగి ఉండొచ్చు. ఏదైనా సరే, తొందరగా ట్యాప్ చెయ్యండి.

బాక్సింగ్, ఎంఎంఏల్లో ఏది ఎక్కువ ప్రమాదం?

రక్తం ఎక్కువ కారేది ఎంఎంఏలో. మోచేతులు చర్మాన్ని చీలుస్తాయి, కీళ్ళు మెలిపడతాయి, వేళ్ళు కళ్ళలో పడతాయి. బాక్సింగ్‌లో ప్రమాదం కంటికి కనపడదు. తల, మొండెం రెండే లక్ష్యాలు కాబట్టి, పన్నెండు రౌండ్లలో తల తినే దెబ్బల సంఖ్య చాలా పెరుగుతుంది. ఎంఎంఏలో పెనుగులాటలో గడిచే సమయం తలకి విశ్రాంతి. ఇందాక చెప్పిన పది లెక్క కూడా ఇక్కడ కలుస్తుంది.

గ్లవ్స్ గురించి చాలామంది పొరబడతారు. అవి మొదటగా కాపాడేది కొట్టేవాడి చేతిని. ఉత్త పిడికిలితో నుదుటిమీద గట్టిగా గుద్దితే వేలి ఎముకలు విరుగుతాయి, ఆ భయం ఉన్నవాడు తలమీద అదేపనిగా గుద్దడు. మెత్త వేసి ఆ భయం తీసేశాం.

తలదెబ్బలు పేరుకుని మెదడు దెబ్బతినడం గురించి అమెరికన్ వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. ఇవాళ సీటీఈ అంటున్నది దానికి దగ్గరదే. 1982 నవంబర్‌లో రే మాన్సీనీతో పోరాడిన కొరియన్ బాక్సర్ కిమ్ డుక్-కూ పద్నాలుగో రౌండ్‌లో పడి, కొద్ది రోజులకే చనిపోయాడు. టైటిల్ పోరులు 15 రౌండ్ల నుంచి 12కి తగ్గడం దాంతోనే మొదలైంది.

ఒక మాట మాత్రం పోటీలకు వెళ్ళని వాళ్ళకి కూడా వర్తిస్తుంది. మెదడుకి అసలు నష్టం మ్యాచుల్లో కన్నా జిమ్‌లోనే ఎక్కువ జరగొచ్చు. మ్యాచ్ ఎప్పుడో వస్తుంది, స్పారింగ్ (జిమ్‌లో జతగా చేసే సాధన పోరు) వారం వారం ఉంటుంది. తల అదిరి, తల తిరగడమో, వాంతి వచ్చినట్టుండడమో, చూపు మసకబారడమో జరిగితే ఆ రోజుకి ఆపెయ్యండి, డాక్టర్‌కి చూపించుకోండి, ఆయన సరేననేదాకా స్పారింగ్ వద్దు.

మ్యాచ్ ముందు బరువు తగ్గించుకుంటారట, దేనికి?

తక్కువ బరువు తరగతిలో ఆడి, మ్యాచ్ రోజుకి మళ్ళీ బరువెక్కి ఎదుటివాడి కన్నా పెద్దగా ఉండటానికి. ఆవిరి గదుల్లో కూర్చుని ఒంట్లో నీరు పోగొట్టుకుంటారు. రెండు ఆటల్లోనూ ఉంది. బాక్సింగ్‌లో 17 బరువు తరగతులుంటే యూఎఫ్‌సీలో పురుషులకు 8 మాత్రమే. 170 పౌండ్ల తర్వాత 185, ఆ తర్వాత 205. మధ్యలో చిక్కుకున్నవాడు కిందికే దూకుతాడు. 2015లో ఇలా నీరు తగ్గించుకుంటూ ఒక ఫైటర్ చనిపోయాక వన్ ఛాంపియన్‌షిప్ అనే ఎంఎంఏ సంస్థ తన రూల్స్ మార్చింది. మిగతావాళ్ళూ మారిస్తే బాగుండును.

జడ్జీలు దేనికి మార్కులిస్తారు?

రెండింట్లోనూ రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 లేదా అంతకన్నా తక్కువ. బాక్సింగ్‌లో శుభ్రంగా తగిలిన గుద్దులే ప్రధానం. ఎంఎంఏలో కొట్టినా పట్టినా దాని ప్రభావం ఎంత అన్నది ముందు చూస్తారు. ఊరికే పైన కూర్చుని కాలం గడిపితే మార్కులు రావు, కనీసం రూల్ ప్రకారం రాకూడదు. జడ్జీలతో జనం గొడవపడటం మాత్రం రెండు ఆటల్లోనూ సమానమే.

డబ్బు ఎందులో ఎక్కువ?

పైస్థాయిలో బాక్సింగ్‌లోనే. బాక్సింగ్‌లో డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు బెల్టులు, ప్రమోటర్లు వేరు. అభిమానికి ఇది తలనొప్పి, బేరమాడే బాక్సర్‌కి బలం. ఎంఎంఏలో ర్యాంకులు, బెల్టు, ఒప్పందం అన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉంటాయి. ప్రమోటర్ల దోపిడీ నుంచి బాక్సర్లను కాపాడటానికి 2000లో అమెరికా తెచ్చిన మహమ్మద్ అలీ చట్టం ఎంఎంఏకి వర్తించదు. కింది స్థాయిలో ఎందులోనైనా బతకడం కష్టమే.

ఆత్మరక్షణకు ఏది మంచిది?

పరుగు. వేళాకోళం కాదు. ఎదుటివాడి దగ్గర కత్తి ఉందో, వెనక ఇంకెవరున్నారో మీకు తెలియదు. ఆ తర్వాత అంటే, బాక్సింగ్‌లో దెబ్బ చూసి కళ్ళు మూసుకోకపోవడం వస్తుంది, కుస్తీలోనో జూడోలోనో మిమ్మల్ని పట్టుకున్నవాడిని విడిపించుకుని నిలబడటం వస్తుంది. ఈ రెండూ ఉంటే చాలు. జియు-జిట్సు కింద ఇరుక్కున్నవాడు లేవడానికి బంగారంలాంటిది. కానీ సిమెంటు నేలమీద కావాలని కిందికి వెళ్ళకండి.

ఏ విద్యైనా సరే, ఎదురు తిరిగే మనిషితో సాధన చేయించకపోతే దాన్ని నమ్ముకోవద్దు.

ఎంఎంఏ నేర్చుకోవాలనుంది. మొదట ఏది మొదలుపెట్టాలి?

నేరుగా ఎంఎంఏ క్లాసులోనే చేరొచ్చు. కాకపోతే అన్నీ తలా కాస్త వచ్చి ఏదీ గట్టిగా రాకుండా పోయే ప్రమాదం ఉంది. పట్టే విద్య ఒకటి, కొట్టే విద్య ఒకటి ఎంచుకుని, మొదటి ఏడాదిలో పట్టుకే ఎక్కువ సమయం ఇవ్వమంటాను. కారణం చాలా మామూలుది. పెనుగులాటలో రోజూ పూర్తి బలంతో సాధన చెయ్యొచ్చు, తలకి దెబ్బలు పెద్దగా తగలవు. గుద్దులాటలో అలా కుదరదు.

వయసు ముప్పై దాటినవాళ్ళకి, పోటీల ఆలోచన లేనివాళ్ళకి బ్యాగ్, మిట్స్ (కోచ్ చేతికి తొడుక్కునే మెత్తలు) మీద బాక్సింగ్ చక్కటి వ్యాయామం. స్పారింగ్ చేస్తేనే బాక్సింగ్ అని ఎవరైనా రెచ్చగొడితే వినకండి.

పిల్లల్ని ఎందులో వేయాలి?

జూడో లేదా కుస్తీ. పడటం నేర్చుకుంటారు, అది జీవితాంతం పనికొస్తుంది. తలమీద దెబ్బలుండే స్పారింగ్ చిన్నపిల్లలకి వద్దు, హెల్మెట్ ఉన్నా వద్దు. హెల్మెట్ చర్మం చిట్లకుండా ఆపుతుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు.

మంచి జిమ్‌ని ఎలా గుర్తుపట్టాలి?

చేరకముందు ఒక స్పారింగ్ క్లాసు కూర్చుని చూడండి. కొత్తవాడిని పాతవాడు చితకబాదుతుంటే కోచ్ ఏం చేస్తున్నాడు? ఆపుతున్నాడా, నవ్వుతున్నాడా? అక్కడే తెలిసిపోతుంది. గోడమీది ఫొటోలు, బెల్టులు తర్వాత చూడొచ్చు. మ్యాట్లు రోజూ తుడుస్తారా అని అడగండి. ఒంటికి ఒళ్ళు రాసుకునే ఆట ఇది, తామర తేలిగ్గా అంటుకుంటుంది.

మొదటి రోజు ఏం తీసుకెళ్ళాలి?

మౌత్‌గార్డ్, చేతికి చుట్టుకునే ర్యాప్స్, తువ్వాలు, నీళ్ళు. గ్లవ్స్ మొదటివారం జిమ్‌వే వాడుకుని, కొనసాగుతానన్న నమ్మకం కుదిరాక కొనండి. స్పారింగ్‌కి ఎక్కువమంది 16 ఔన్సులవి వాడతారు. ఎంఎంఏ గ్లవ్స్‌కి ఇప్పుడే తొందర లేదు. గోళ్ళు కత్తిరించుకుని, ఉంగరాలు, చెవిపోగులు తీసేసి వెళ్ళండి.